పట్టు, పెంచు, పోట్లాడు: పోకెమాన్ దారిలో నడిచిన ఇండీ గేములకు ఏం దొరికింది, ఏం జారిపోయింది

2019 నవంబర్‌లో పోకెమాన్ స్వోర్డ్, షీల్డ్ గేములు విడుదలయ్యేసరికే పాత అభిమానుల్లో చాలామంది మండిపడుతున్నారు. పాత గేముల్లో పట్టి ఏళ్ళ తరబడి పెంచుకున్న జీవుల్ని కొత్త గేములోకి తెచ్చుకోవడం అప్పటిదాకా ఆనవాయితీ. ఈసారి వందల జీవులకు అందులో చోటే లేకుండా పోయింది. రెండు నెలలు గడిచాక, 2020 జనవరిలో, స్పెయిన్‌లోని క్రెమా అనే చిన్న స్టూడియో పోకెమాన్ తరహా గేమ్ టెంటెమ్‌ని పీసీ గేములు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో అమ్మకానికి పెట్టింది. గేమ్ ఇంకా పూర్తి కాలేదు, ఎర్లీ యాక్సెస్‌లోనే ఉంది. అయినా జనం ఎగబడ్డారు. మొదటి రోజుల్లో సర్వర్లలోకి వెళ్ళడానికే క్యూలో ఆగాల్సి వచ్చింది. పోకెమాన్ పని అయిపోయిందని అప్పుడు చాలామంది తీర్మానించేశారు. ఆ తర్వాత వచ్చిన ప్రతి ఇండీ మాన్‌స్టర్ గేమ్ (పెద్ద కంపెనీల అండ లేకుండా చిన్న స్టూడియోలు చేసేది) గురించీ అదే మాట అన్నారు. పోకెమాన్ మాత్రం నిక్షేపంగా ఉంది.

ఎవరు ఎవరిని ఓడించారన్నది నాకు పెద్ద విషయంగా అనిపించదు. తేల్చుకోవాల్సింది ఇంకోటి ఉంది. ఈ ఇండీ గేముల్లో చాలావాటి పోరాట పద్ధతి పోకెమాన్ కంటే పదునైనది. కష్టం ఎంత ఉండాలో ఆటగాడే నిర్ణయించుకోవచ్చు, దాచిపెట్టిన అంకెలు తక్కువ, అదృష్టం మీద ఆధారపడటం తక్కువ. ఇన్ని ఉన్నా వాటిని పూర్తిచేసినవాళ్ళని ఏడాది తర్వాత అడిగితే నాలుగు జీవుల పేర్లు కూడా గుర్తుండవు. ఎందుకలా?

మన దగ్గర ఈ ప్రశ్నకి ఇంకో కారణంగా కూడా విలువ ఉంది. పోకెమాన్ ప్రధాన గేములు నింటెండో మెషీన్ల మీదే నడుస్తాయి. వాటిలో ఒకటైన స్విచ్‌ని నింటెండో ఇండియాలో అధికారికంగా అమ్మలేదు. కావాలంటే దిగుమతి సరుకు అమ్మే షాపులో కొనాలి, లేదా దుబాయ్ నుంచి వచ్చే బంధువుకి చెప్పి తెప్పించుకోవాలి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో పెరిగిన చాలామందికి పోకెమాన్ అంటే ముందు టీవీలో కార్టూన్, తర్వాత ఫోన్‌లో ఎమ్యులేటర్ (పాత మెషీన్‌ని అనుకరించే యాప్) మీద నడిపిన పాత గేమ్‌బాయ్ గేములు. ఉన్న లాప్‌టాప్ మీద, డబ్బులిచ్చి, దొంగ కాపీ గొడవ లేకుండా ఆడుకోవాలంటే దొరికేవి ఈ ఇండీ గేములే. కాబట్టి వీటి మంచిచెడ్డలు తెలుసుకోవడం మనకి ఉబుసుపోక కబుర్లకంటే కొంచెం ఎక్కువే.

మూడు పనులు, ఒకదానికొకటి ముడి

1996లో జపాన్‌లో గేమ్ ఫ్రీక్ సంస్థ పోకెమాన్ రెడ్, గ్రీన్ తెచ్చింది. దాని సృష్టికర్త సతోషి తజిరికి చిన్నప్పుడు పురుగులు పట్టడం సరదా, ఆ సరదాయే ఈ ఆటకి మూలం. అంతకు ముందు కూడా మాన్‌స్టర్లని మన పక్షానికి తెచ్చుకునే గేములు ఉన్నాయి. 1987 నాటి మెగామి టెన్సెయిలో ఉంది, 1992 నాటి డ్రాగన్ క్వెస్ట్ 5లోనూ ఉంది. పోకెమాన్ చేసిన కొత్త పని ఏమిటంటే, పట్టడం, పెంచడం, పోట్లాడటం అనే మూడింటినీ విడదీయలేనంతగా కలిపి కట్టింది.

గడ్డిలో ఎదురైన జీవిని పట్టాలంటే ముందు దాన్ని కొట్టి నీరసపరచాలి, కానీ పూర్తిగా పడగొట్టకూడదు. అంటే పట్టడానికి పోరాటం తెలియాలి. గెలిచిన ప్రతి పోరాటంతో మీ జీవికి అనుభవం వస్తుంది, లెవల్ పెరుగుతుంది, ఒక దశలో రూపమే మారిపోతుంది. బలపడ్డాక ఇంకో ఊరికి వెళ్తారు, అక్కడి గడ్డిలో ఇంతకుముందు చూడని జీవులు ఉంటాయి. వాటిలో ఒకటి మీ దగ్గర ఉన్నదానికంటే బాగా పనికొస్తుందేమో అనిపిస్తుంది. ఇలా చక్రం తిరుగుతూ ఉంటుంది. ఈ చక్రంలో ఏ ఒక్క భాగమూ విడిగా చూస్తే గొప్పది కాదు. పోరాటం చాలావరకు రాయి, కాగితం, కత్తెర ఆటకి పొడిగింపు. పట్టడంలో సగం పాచికలే. కానీ మొదటి ఊళ్ళో ప్రొఫెసర్ ఇచ్చిన బుజ్జి జీవి చివరి పోరాటం దాకా మీతోపాటే నడిచి వస్తే, ఆ లోపాలు ఎవరికీ పట్టవు.

పట్టేది పెద్దయ్యాకే. అప్పుడు కనిపించేవి ఇవి: ఒక్క జీవికే లెవల్ బాగా పెంచితే అది దాదాపు అందరినీ చిత్తుచేస్తుంది, మిగతావి గేములో జీవుల్ని దాచే కంప్యూటర్ పెట్టెలో నిద్రపోతుంటాయి. ఒకే జాతి జీవులు రెండింటిలో ఒకటి పుట్టుకతోనే మెరుగ్గా ఉంటుంది. ఒక్కో గుణానికీ 0 నుంచి 31 దాకా ఉండే ఆ అంకెని గేమ్ చాలాకాలం ఆటగాడికి నేరుగా చూపించనే లేదు. థండర్ అనే దాడి తగిలే అవకాశం 70 శాతం, అంటే మీ ఎత్తు ఎంత బాగున్నా పదిసార్లలో సుమారు మూడుసార్లు గాల్లో కలిసిపోతుంది. ఇండీ స్టూడియోలు పెట్టినవాళ్ళలో చాలామంది ఈ చిరాకులతోనే పెరిగినవాళ్ళు. తమకి అన్నిటికంటే ఎక్కువ గుచ్చుకున్న చోట పట్టుకుని బిగించారు. ఒక చోట బిగిస్తే ఇంకో చోట వదులైంది. ఈ గేముల మంచిచెడ్డలన్నీ ఈ ఒక్క తీరులోంచే వస్తాయన్నది నా అభిప్రాయం.

అదృష్టాన్ని తీసేస్తే: టెంటెమ్

టెంటెమ్ పోరాటాన్ని బిగించింది. ఇందులో దాడి గురి తప్పదు, అదృష్టం కొద్దీ ఎక్కువ బలంగా తగిలే క్రిటికల్ దెబ్బలు లేవు. దాదాపు ప్రతి పోరాటంలోనూ రెండు జీవులు రెండు జీవులతో తలపడతాయి. ప్రతి దాడికీ కొంత స్టామినా ఖర్చవుతుంది. స్టామినా చాలకపోయినా దాడి చేయొచ్చు, కానీ ఆ లోటు మీ జీవి ప్రాణంలోంచే కోతపడుతుంది, పైగా తర్వాతి వంతు అది కదల్లేదు. కొన్ని దాడులు మైదానంలోకి దిగిన వెంటనే వాడటానికి కుదరదు, ఒకటి రెండు వంతులు ఆగాలి. పక్కన నిలబడ్డ జోడీ ఏ రకానిదో దాన్నిబట్టి కొన్ని దాడులకి అదనపు బలం వస్తుంది. ఇద్దరు మనుషులు పోటీగా ఆడేటప్పుడైతే, ఒకరి జట్టులోంచి ఇంకొకరు కొన్ని జీవుల్ని నిషేధించే దశ కూడా ఉంది.

ఇదంతా కలిసి నిజంగానే మేధస్సుతో ఆడే ఆట అయింది. ప్రాణాన్ని పణంగా పెట్టి ఇప్పుడే కొట్టాలా, ఒక వంతు ఊపిరి తీసుకోవాలా అన్న నిర్ణయం పోకెమాన్‌లో ఎక్కడా రాని రకం టెన్షన్ ఇస్తుంది. పోటీ ఆటగా చూస్తే ఇక్కడ చెప్పుకునే గేముల్లో దీన్ని మించింది లేదు.

అయితే అదృష్టం కేవలం చిరాకు మాత్రమే కాదు. రమ్మీలో ఓడినవాడు ముక్కలు సరిగ్గా పడలేదని చెప్పుకుని ఇంకో ఆటకి కూర్చుంటాడు. టెంటెమ్‌లో ఓడితే అలా చెప్పుకోవడానికి ఏమీ ఉండదు, తప్పు మొత్తం మీదే. కొత్తగా వచ్చినవాళ్ళకి ఇది కఠినంగా ఉంటుంది. ఒంటరిగా కథ ఆడేవాళ్ళకి ఇంకో ఇబ్బంది. దారిలో ఎదురయ్యే ప్రతి చిల్లర శిక్షకుడితోనూ స్టామినా లెక్కలు వేసుకుంటూ ఇద్దరితో ఇద్దరు పోరాటం చేయాలి. మొదట్లో ఉత్సాహంగా ఉంటుంది, నాలుగో దీవికి వచ్చేసరికి గేటు దగ్గర నిలబడ్డవాణ్ణి చూస్తే నీరసం వస్తుంది. చివరి ఒక్క శాతం ప్రాణంతో గురి కుదిరి గెలిచిన పోరాటం లాంటిది చెప్పుకోవడానికి ఉండదు, ఎందుకంటే అలాంటి గెలుపులు పుట్టేది పాచికల్లోంచే.

టెంటెమ్ పెట్టుకున్న ఇంకో బరువు ఆన్‌లైన్. వేలమంది ఒకే ప్రపంచంలో తిరిగే పోకెమాన్ అన్నది అభిమానుల పాత కల. 2018లో చందాలు పోగుచేసే కిక్‌స్టార్టర్ సైటులో జనం డబ్బులిచ్చింది ఆ కలకే. గేములో ఇతరులు కనిపిస్తారు, స్నేహితుడితో కలిసి కథ మొత్తం ఆడొచ్చు. అది నిజంగా బాగుంది. కానీ ఆన్‌లైన్ ప్రపంచాన్ని బతికించాలంటే ఆగకుండా కొత్త సరుకు పోస్తూ ఉండాలి, ఇంత చిన్న జట్టుకి అది తలకి మించిన పని. 2022 సెప్టెంబర్‌లో 1.0, అంటే పూర్తి రూపం, వచ్చినప్పుడు, డబ్బు పెట్టి కొన్న గేములో మళ్ళీ సీజన్ పాస్ అమ్మకం పెట్టడంతో జనానికి ఒళ్ళు మండింది. తర్వాత ఆ అమ్మకాలని తీసేశారు. అప్పటికి ఆటగాళ్ళు పలచబడ్డారు. ర్యాంక్ పోటీలో జోడీ దొరకడానికి ఎదురుచూడాల్సి వస్తే, ఎంత పదునైన పోరాట పద్ధతి అయినా ఏం లాభం?

ఆరుగురూ పనిచేసే జట్టు: మాన్‌స్టర్ శాంక్చువరీ

జర్మనీకి చెందిన మోయి రాయ్ గేమ్స్ చేసిన మాన్‌స్టర్ శాంక్చువరీ 2020 డిసెంబర్‌లో పూర్తి రూపంలో వచ్చింది. బయటికి చూస్తే పక్కనుంచి కనిపించే ప్లాట్‌ఫార్మర్: దూకుతూ, ఎక్కుతూ, గుహలు వెతుక్కుంటూ వెళ్ళాలి. పట్టిన జీవులు దారి తెరవడానికీ పనికొస్తాయి. ఒకటి ఎగరడానికి, ఇంకోటి గోడ పగలగొట్టడానికి. కొత్త జీవి దొరికిందంటే ఇంతకుముందు వెనక్కి తిరిగొచ్చిన చోటు ఏదో ఒకటి గుర్తొస్తుంది. పట్టడానికీ తిరగడానికీ మధ్య ఇంత బలమైన లంకె పోకెమాన్‌లో కూడా లేదు.

పోరాటం ముగ్గురితో ముగ్గురు. ఒక వంతులో మీ మూడు జీవులూ వరసగా కొడతాయి, ప్రతి దెబ్బకీ కాంబో లెక్క పెరిగి, తర్వాతి దెబ్బ బలం పెరుగుతుంది. కాబట్టి చిన్న చిన్న దెబ్బలు ఎక్కువ కొట్టేదాన్ని ముందు పంపి, ఒక్కటే పెద్ద దెబ్బ కొట్టేదాన్ని చివరికి ఉంచాలి. ప్రతి జీవికీ పెద్ద నైపుణ్య వృక్షం ఉంది. విషం పెట్టేది ఒకటి, విషం సోకిన శత్రువు మీద రెట్టింపు లాభం పొందేది ఇంకొకటి, వాటిని కాచుకునేది మూడోది. ఇలా జట్టు కట్టుకోవాలి. పనికిరాని జీవి అంటూ దాదాపు ఉండదు, సరైన జోడీ దొరకని జీవి ఉంటుంది. పెట్టెలో నిద్రపోయే జీవుల సమస్యకి నేను చూసిన అన్నిటికంటే మంచి పరిష్కారం ఇదే. మీరు ఎంత బాగా గెలిచారో చూసి గేమ్ నక్షత్రాలు ఇస్తుంది. ఎక్కువ నక్షత్రాలు వస్తే అరుదైన బహుమతులు దొరికే అవకాశం పెరుగుతుంది. అందుకే చిన్న పోరాటాన్ని కూడా ఎవరూ నిర్లక్ష్యంగా ఆడరు.

మరి వదులైంది ఏమిటి? పట్టడం. ఇక్కడ జీవిని పట్టరు. గెలిస్తే గుడ్డు రావచ్చు, దాన్ని పొదిగించుకోవాలి. ఎదురుగా ఉన్న ఆ ఒక్క జీవి, మీరు ప్రాణం గుప్పెట్లో పెట్టుకుని పడగొట్టకుండా కాపాడుకున్నది, మీతో వచ్చే క్షణం లేదు. గుడ్డు ఒక సామాను. దాంతోపాటు జీవితో తొలిచూపు బంధం కూడా పోయింది. రెండో లోటు మెనూల్లో గడిపే సమయం. లెవల్ పెరిగినప్పుడల్లా ఆరు జీవులకి నైపుణ్యాలు, సామాన్లు, ఆహారం సర్దాలి. లెక్కలంటే ఇష్టమున్నవాళ్ళకి పండగ, మిగతావాళ్ళకి హోంవర్క్.

ఆ లెక్కల పిచ్చిని అంచుదాకా తీసుకెళ్ళింది చూడాలంటే సిరాలిమ్ అల్టిమేట్ ఉంది. 1,200కి పైగా జీవులు, ఆరుగురి జట్టు, ప్రతి జీవికీ నియమాల్ని మార్చేసే ఒక ప్రత్యేక గుణం, రెండు జీవుల్ని కలిపితే రెండు గుణాలూ ఒకదానిలోకి. బొమ్మలు చూస్తే పాతికేళ్ళనాటి గేమ్ అనుకుంటారు. పోరాటం మొదలయ్యేలోపే ఒకదాన్ని తాకి ఇంకొకటి పేలుతూ శత్రుజట్టు మాయమైపోయే యంత్రాన్ని తయారుచేయడమే ఇక్కడి ఆట. అందులో జీవి అంటే ప్రేమ వెతుక్కోకూడదు, అది ఒక విడిభాగం.

జీవిని టేపులోకి ఎక్కిస్తే: క్యాసెట్ బీస్ట్స్

2023 ఏప్రిల్‌లో వచ్చిన క్యాసెట్ బీస్ట్స్‌ని ఇంగ్లండ్‌లోని బ్రైటన్‌లో ఉండే బిట్టెన్ స్టూడియో చేసింది. దాని కేంద్రంలో ఉన్నది ఇద్దరే: జే బేలిస్, టామ్ కాక్సన్. గొడో అనే, గేములు తయారుచేసే ఉచిత ఇంజన్ మీద కట్టిన పేరున్న గేముల్లో ఇదొకటి. ఈ గేముల్లో ఎవరికైనా ఒక్కటే చూపించాలంటే నేను దీన్నే చూపిస్తాను, లోపాలతో సహా.

ఇందులో జీవిని బంధించి తిప్పుకోరు. వాక్‌మన్ లాంటి పరికరంతో దాన్ని క్యాసెట్‌లోకి రికార్డు చేస్తారు. పోరాటంలో టేపు వేసుకుంటే మీరే ఆ జీవిగా మారిపోతారు. రికార్డు చేయడానికి ఒక వంతు మొత్తం పడుతుంది. ఆ వంతులో దానికి ఎంత దెబ్బ తగిలితే అవకాశం అంత పెరుగుతుంది, మీకు దెబ్బ తగిలితే తగ్గుతుంది. ఆ శాతం తెర మీదే కదులుతూ కనిపిస్తుంది. పోకెమాన్‌లో జీవిని పట్టడానికి బంతి విసిరి, అది మూడుసార్లు ఊగేదాకా కళ్ళప్పగించి చూడటంతో పోలిస్తే ఇందులో ఆటగాడి చేతిలో పని ఉంది. మీ జీవి పడిపోతే టేపు పాడవుతుంది, లోపలి మనిషి బయటపడతాడు, ఇంకో టేపు వేసుకునేలోపు దెబ్బ ఆ మనిషికే తగలొచ్చు.

రకాల మధ్య సంబంధాన్ని కూడా తిరగరాశారు. పోకెమాన్‌లో నీరు నిప్పుని కొడితే దెబ్బ రెట్టింపు, అంతే. ఇక్కడ దెబ్బ పెరగడం కంటే స్థితి మారడం ముఖ్యం. మంచు జీవికి నిప్పు తగిలితే కరిగి నీటి రకం అవుతుంది. ప్లాస్టిక్ జీవికి నిప్పంటుకుంటే విష రకంగా మారుతుంది. 14 రకాల మధ్య ఇలాంటివి బోలెడు. గుర్తుపెట్టుకోవడం కష్టమే. కానీ చాలావరకు ఇంగితజ్ఞానంతో ఊహించగలిగేలా ఉంటాయి, ఊహ నిజమైనప్పుడు కలిగే తృప్తి వేరు.

అందరూ చెప్పుకునేది కలయిక గురించి. పోరాటంలో మీరూ మీ తోడూ ఒకే జీవిగా కలిసిపోవచ్చు. మొదట ఉన్న 120 జీవుల్లో ఏ రెంటినైనా కలపొచ్చు, అంటే 14,000 దాటిన రూపాలు. ఇన్ని బొమ్మల్ని ఎవరూ గీయలేదు. ప్రతి జీవినీ తల, మొండెం, చేతులు, తోక అంటూ భాగాలుగా తయారుచేశారు. రెండు జీవుల భాగాల్ని ప్రోగ్రామే ఏరి అతికిస్తుంది. అతుకులు కొన్నిసార్లు అద్భుతంగా కుదురుతాయి, కొన్నిసార్లు నవ్వొస్తుంది. కలిసిన క్షణంలో అప్పటిదాకా వాయిద్యాలతో నడిచిన సంగీతానికి గాయని గొంతు తోడవుతుంది. బడ్జెట్‌తో సంబంధం లేని తెలివి ఇది.

ఇక వదులైన చోట్లు. దాడులు ఇక్కడ స్టిక్కర్లు: ఒక టేపు మీద నుంచి పీకి ఇంకో టేపుకి అంటించుకోవచ్చు. స్వేచ్ఛ బాగుంది, కానీ మంచి స్టిక్కర్లు కుదిరితే సంతులనం పూర్తిగా కూలిపోతుంది, పెద్ద పెద్ద ప్రత్యర్థులు కూడా కొన్ని వంతుల్లో అయిపోతారు. తయారీదారులకి ఇది తెలియక కాదు, పగలగొట్టుకోవడంలోని సరదాని కావాలనే వదిలారనిపిస్తుంది. అంతకంటే లోతైన మార్పు ఇంకోటి. టేపులో ఉన్నది జీవి నకలు మాత్రమే. అసలు జీవి అడవిలోనే ఉంటుంది. మరి ప్రేమ ఎవరి మీద? మనుషుల మీద. కేలీ, యూజీన్, మెరెడిత్ లాంటి తోడు పాత్రలతో మాటలు కలిపి, వాళ్ళ బాధలు విని, వాళ్ళ కథల్ని ఒక కొలిక్కి తెస్తే మీ ఇద్దరి కలయిక బలపడుతుంది. జీవులతో బంధం అనే పాత స్తంభాన్ని తీసేసి దాని స్థానంలో మనిషిని నిలబెట్టారు. బరువు ఆగింది. ఈ ఆట అయ్యాక ట్రాఫిక్ కోన్ తొడుక్కున్న పీత లాంటి ఒకటి రెండు జీవులు తప్ప మిగతావి మరుగున పడొచ్చు, మనుషులు మాత్రం గుర్తుంటారు.

పాత బాటలో నడిచినవి

అందరూ ఇలా తలకిందులు చేయలేదు. నెదర్లాండ్స్‌కి చెందిన ట్రాగ్‌సాఫ్ట్ 2022లో తెచ్చిన కోరోమాన్ చూస్తే గేమ్‌బాయ్ అడ్వాన్స్ కాలం గుర్తొస్తుంది. దాపరికపు అంకె స్థానంలో 1 నుంచి 21 దాకా పొటెన్షియల్ ఉంటుంది. అది ఎక్కువగా ఉన్న జీవి రంగే వేరుగా కనిపిస్తుంది కాబట్టి చూడగానే తెలుస్తుంది. లెవల్ పెరిగేకొద్దీ వచ్చే పాయింట్లని ఏ గుణానికి పెట్టాలో ఆటగాడే ఎంచుకుంటాడు. కష్టం స్థాయి మొదట్లోనే నిర్ణయించుకోవచ్చు. 2020 నాటి నెక్సోమాన్ ఎక్స్‌టింక్షన్‌లో 381 జీవులు ఉన్నాయి, ధర తక్కువ, సంభాషణల్లో వెటకారం దండిగా ఉంటుంది. ఆ వెటకారం రుచించాలంటే ఇంగ్లీషు బాగా రావాలి. తెలుగులో ఆడుకునే వీలు ఈ గేముల్లో దేనికీ లేదు.

రెండూ చక్కగా ఆడుకోదగ్గవే. సరిగ్గా ఆ కారణంగానే వాటి గురించి చెప్పడానికి ఎక్కువ ఉండదు. పాత రుచి కోరేవాళ్ళకి పాత రుచే దొరుకుతుంది. కానీ పోకెమాన్ గీసిన గీతల్లోనే ఉంటే పోలిక తప్పదు, ఆ పోలికలో జీవుల బొమ్మలు తేలిపోతాయి. ఇందులో కళాకారుల్ని తప్పు పట్టలేం. ఒక్క జీవికి ముందు బొమ్మ, వెనక బొమ్మ, కదలికలు, దాడి భంగిమలు కావాలి. రూపం మారే జీవి అయితే మూడింతలు. వందకి పైగా జీవులంటే చిన్న జట్టుకి ఏళ్ళ పని, అందులో ప్రతిదీ మనసుకి హత్తుకోవాలంటే ఎలా కుదురుతుంది? మరోపక్క పోకెమాన్ జీవుల మీద ప్రేమలో పెద్ద భాగం గేము బయట పుట్టింది. 1996లోనే కార్డులు, 1997 నుంచి కార్టూన్, ఆపైన బొమ్మలు, సంచులు, సినిమాలు. ఒక్క పోకెమాన్ గేమ్ కూడా ఆడని మన పిల్లలకి పికాచు తెలుసంటే కారణం అదే. ఇండీ గేములోని జీవికి ఉన్నది ఆట నడిచే ఆ కొన్ని గంటలే.

బంతి ఎందుకు కనబడదు

ఈ గేముల్లో దేనిలోనూ పోకెమాన్‌లోని ఎరుపు, తెలుపు బంతి లాంటిది ఉండదని గమనించారా? టెంటెమ్‌లో కార్డు, కోరోమాన్‌లో స్పిన్నర్, క్యాసెట్ బీస్ట్స్‌లో టేపు. కొత్తదనం కోసమే అయినా, జాగ్రత్త కూడా ఉంది. ఆట పద్ధతి మీద, అంటే జీవుల్ని పట్టి పోట్లాడించాలన్న ఆలోచన మీద, కాపీరైట్ ఉండదు. బొమ్మలు, పేర్లు, సంగీతం మీద ఉంటుంది. అందుకే ఇన్ని గేములు హాయిగా బతుకుతున్నాయి. అదే అభిమానులు పోకెమాన్ పేరుతోనే చేసిన పోకెమాన్ యురేనియం 2016లో విడుదలైన కొద్ది రోజులకే, 15 లక్షల డౌన్‌లోడ్ల తర్వాత, నింటెండో లాయర్ల నోటీసులతో వెనక్కి వెళ్ళింది.

పేటెంట్ సంగతి వేరు. అది పద్ధతి మీద కూడా రావచ్చు. 2024 జనవరిలో టోక్యోకి చెందిన పాకెట్‌పెయిర్ సంస్థ పాల్‌వరల్డ్ విడుదల చేసింది. జీవుల్ని పట్టి ఫ్యాక్టరీ పనికి పెట్టే ఆ గేముకి నెల రోజుల్లో రెండున్నర కోట్ల మంది ఆటగాళ్ళు చేరారు. ఆ సంఖ్య తర్వాత దాన్ని ఇండీ అనడం కష్టమే అనుకోండి. అదే ఏడాది సెప్టెంబర్‌లో నింటెండో, పోకెమాన్ కంపెనీ కలిసి టోక్యో జిల్లా కోర్టులో కేసు వేశాయి. బొమ్మలు పోలి ఉన్నాయని అందరూ గోలపెడుతుంటే, కేసు మాత్రం పేటెంట్ల మీద పడింది. పాకెట్‌పెయిర్ ఆ నవంబర్‌లో బంతి విసిరి జీవిని బయటికి రప్పించే పద్ధతి తీసేసింది. 2025 మేలో, జీవిని పట్టుకుని గాల్లో తేలే పద్ధతినీ మార్చింది. అంత డబ్బున్న సంస్థే తన గేమును కోసుకుంటే, ఇద్దరు ముగ్గురు మనుషుల స్టూడియో మొదటి రోజు నుంచే వేరే దారి చూసుకుంటుంది. చెప్పాలంటే ఆ భయం కొంత మేలే చేసింది. టేపు ఆలోచన బంతి కంటే ఎన్నో రెట్లు మంచిది.

ఏది కొనాలి అని అడిగేవాళ్ళకి: స్నేహితుడు పక్కనుండి, ఓటమిని జీర్ణించుకునే ఓపిక ఉంటే టెంటెమ్, కాకపోతే అది ఇంటర్నెట్ లేకపోతే నడవదు, కాబట్టి భారీ డిస్కౌంట్ వచ్చినప్పుడే. కాగితం, పెన్ను పెట్టుకుని జట్లు కట్టే రకమైతే మాన్‌స్టర్ శాంక్చువరీ. ఫోన్ తప్ప వేరే ఏదీ లేకపోతే కోరోమాన్, నెక్సోమాన్ ఎక్స్‌టింక్షన్ రెండూ ఆండ్రాయిడ్‌లో ఉన్నాయి. ఏమీ తేల్చుకోలేకపోతే క్యాసెట్ బీస్ట్స్.

నేను ఎదురుచూస్తున్నది మాత్రం బీస్టీబాల్ పూర్తయ్యే రోజు కోసం. చికోరీ గేమ్ చేసిన గ్రెగ్ లోబనోవ్ బృందం దాన్ని 2024 నవంబర్‌లో ఎర్లీ యాక్సెస్‌లో పెట్టింది. అందులో జీవులు కొట్టుకోవు, వాలీబాల్ ఆడతాయి. అడవి జీవిని చావగొట్టి తెచ్చుకోవడం లేదు. దానికి నచ్చే విధంగా ఆడి చూపిస్తే అదే జట్టులోకి వస్తుంది. కలిసి ఆడిన జీవుల మధ్య స్నేహాలు, పోటీలు పుడతాయి, వాటివల్ల ఆటలో కొత్త ఎత్తులు తెరుచుకుంటాయి. జీవికి మీతోనే కాదు, పక్క జీవితో కూడా ఒక సంబంధం ఉండటం మిగతావాళ్ళు పెద్దగా తాకని చోటు. పట్టడం, పెంచడం, పోట్లాడటం మూడూ మళ్ళీ ఒకే ముడిలో పడుతున్న సూచన అందులో కనిపిస్తోంది. వాలీబాల్ కోర్టులో ఎక్కడ నిలబడాలి, ఎవరికి పాస్ ఇవ్వాలి అన్న లెక్కలు కొత్తవాళ్ళకి మొదట్లో గందరగోళంగా ఉంటాయి, వాలీబాల్ నియమాలు తెలిసినా ఆ గందరగోళం తప్పదు.